పదకొండేళ్ల లెక్కల పనికి ఫ్రాన్స్‌లో పూర్తి డిగ్రీ వస్తుందా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతానండి, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకి కూడా ఉపయోగపడుతుంది. మీరు కాకినాడలో బి.కాం. చదివారు. పెళ్లికి ముందు నాలుగేళ్లు ఒక రైసు మిల్లులో ఎకౌంట్లు చూశారు. యానాం నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంలో కోడలిగా పారిస్ శివార్లకి వచ్చారు. ఇక్కడ ఒక చిన్న ఎకౌంటింగ్ ఆఫీసులో పదకొండేళ్లుగా అసిస్టెంటుగా చేస్తున్నారు. జీతం సంగతి ఎత్తితే "మీకు ఫ్రెంచి డిప్లొమా లేదు కదా" అంటున్నారు. క్లాసులకి వెళ్లకుండానే అనుభవం మీద డిగ్రీ ఇచ్చే పద్ధతి ఒకటుందని తోటి ఉద్యోగి చెప్పారు. అది నిజమేనా, మిల్లు అనుభవం లెక్కలోకి వస్తుందా, నా ఫ్రెంచి రాత అంతంతమాత్రం కదా ఎలా, ఆ డిగ్రీ ఇండియాలో చెల్లుతుందా అని అడిగారు.

నిజమేనండి. దాన్ని ఇక్కడ వీఏఈ అంటారు, అంటే అనుభవం వల్ల వచ్చిన నేర్పుని పరీక్షించి ధ్రువీకరించడం. నేను చాలా ఏళ్లు ఈ పరీక్ష చేసి నిర్ణయించే జ్యూరీల్లో వృత్తి నిపుణుల తరఫున కూర్చున్నాను. ఇప్పుడు దరఖాస్తు చేసుకునేవాళ్లకి దారి చూపించే పనిలో ఉన్నాను. మీరు చెప్పిన వివరాల్ని బట్టి చూస్తే మీది బలమైన కేసు. అయితే మొదలుపెట్టే ముందే ఒక సంగతి మనసులో పెట్టుకోండి. వీఏఈ మీ సర్వీసుకి ఇచ్చే బహుమానం కాదు. పదకొండేళ్లు పనిచేశారు కాబట్టి ఎవరూ డిగ్రీ ఇవ్వరు. ఆ డిగ్రీ చదివినవాళ్లకి తెలియాల్సినవి మీకు తెలుసని మీ పనిలోంచే చూపించగలిగితే ఇస్తారు. ఈ రెంటికీ తేడా పట్టించుకోక చాలామంది మంచి పనివాళ్లు మధ్యలో ఆగిపోతున్నారు.

ఈ పద్ధతి రాత్రికి రాత్రి పుట్టింది కాదు. బడికి వెళ్లి ఇంజనీరింగ్ చదవకపోయినా ఆ పని చేస్తూ ఎదిగినవాళ్లకి ఇంజనీరు పట్టా ఇచ్చే దారిని 1934లోనే ఒక చట్టం తెరిచింది. 1985లో ఇంకో అడుగు పడింది. కావలసిన సర్టిఫికెట్ లేకపోయినా, మీ అనుభవం చూసి విశ్వవిద్యాలయంలో సీటు ఇవ్వవచ్చన్నారు. 1992లో అనుభవం ఉన్నవాళ్లకి కొన్ని పేపర్ల నుంచి మినహాయింపు ఇచ్చారు. అన్నిటికన్నా పెద్ద మార్పు 2002 జనవరి 17 నాటి చట్టంతో వచ్చింది. అప్పటినుంచి మినహాయింపులతో ఆగకుండా, మొత్తం డిప్లొమానే అనుభవం మీద ఇవ్వవచ్చు. మూడేళ్ల అనుభవం ఉండాలన్న నిబంధనని 2016లో ఒక ఏడాదికి తగ్గించారు. 2022 డిసెంబరు 21 నాటి చట్టం ఆ కనీస కాలాన్నీ తీసేసింది. ఇంట్లో జబ్బుపడ్డ మనిషినో వికలాంగుడైన బిడ్డనో ఏళ్ల తరబడి చూసుకున్నవాళ్ల అనుభవాన్ని కూడా ఆ చట్టం లెక్కలోకి తెచ్చింది. జీతం రాని పనిలో కూడా నేర్చుకోవడం ఉంటుందని ఒక దేశం చట్టంలో రాసుకుందంటే నాకు చాలా గౌరవం కలుగుతుంది. మన ఇళ్లలో ఆడవాళ్లు చేసే ఆ పనిని పనిగా ఒప్పుకున్నవాళ్లు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

ఇలా వచ్చిన డిప్లొమాకీ క్లాసుల్లో కూర్చుని తెచ్చుకున్న డిప్లొమాకీ తేడా లేదు. కాగితం మీద ఏ దారిన వచ్చిందో రాయరు. హక్కులూ అవే, స్థాయీ అదే. డాక్టరు చదువు లాంటివి మాత్రం ఈ దారిలో రావు. మిగతా చాలావాటికి దారి ఉంది. ఆసుపత్రుల్లో నర్సుకి సహాయకులుగా ఉండే ఎద్-స్వాన్యాఁ డిప్లొమా నుంచి మాస్టర్స్ దాకా ఇలా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

ఇక మీ విషయానికి వద్దాం. మొట్టమొదట ఏ డిప్లొమాకి వెళ్లాలో తేల్చుకోవాలి. ఫ్రాన్స్‌లో గుర్తింపు ఉన్న డిప్లొమాలన్నీ ఆర్‌ఎన్‌సీపీ అనే జాతీయ జాబితాలో ఉంటాయి. ఒక్కొక్క డిప్లొమాకి ఒక పత్రం ఉంటుంది. అది పొందినవాళ్లు ఏమేం చేయగలగాలో అందులో సామర్థ్యాలవారీగా రాసి ఉంటుంది. మీకు ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి ఎకౌంటింగులో బీటీఎస్, అది ఇంటర్ తరవాత రెండేళ్ల చదువు, 5వ స్థాయి. రెండోది ఎకౌంటింగ్, మేనేజ్‌మెంట్ విభాగంలో లిసాన్స్ ప్రొఫెసియొనెల్, అది మూడేళ్ల డిగ్రీకి సమానం, 6వ స్థాయి. చాలామంది భయపడి చిన్నదానికి వెళతారు. మీరు రోజూ చేసే పనిని బట్టి తేల్చుకోండి. బిల్లులు ఎక్కించడం, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూడడం, అంతటితో పని ఆగితే బీటీఎస్ సరిపోతుంది. మీరు రాసినదాన్ని బట్టి ఏడాది చివర తరుగుదల, ప్రొవిజన్లు (రాబోయే ఖర్చులకి ముందే తీసిపెట్టే మొత్తాలు) లెక్కకట్టి బ్యాలెన్స్ షీటు తయారు చేసేది మీరే, సీనియరు చూసి సంతకం పెడతారు. క్లయింట్లతో ఫోనులో మాట్లాడేదీ మీరే. అలాంటప్పుడు మీరు లిసాన్స్‌కే వెళ్లాలి. స్థాయి తగ్గించుకుంటే రాత పని పెద్దగా తగ్గదు, ఫలితం మాత్రం తగ్గుతుంది.

ఒకే పేరున్న లిసాన్స్ ప్రొఫెసియొనెల్ వేరువేరు విశ్వవిద్యాలయాల్లో వేరువేరు వైపులకి మొగ్గుతుంది. ఒకచోట జీతాల లెక్కల మీద, ఒకచోట పన్నుల మీద, ఇంకోచోట ఆడిట్ మీద బరువు ఉంటుంది. మీ ఆఫీసులో జీతాల పని వేరొకరు చూస్తుంటే జీతాల వైపు ఉన్నదాన్ని ఎంచుకోకండి. ఉద్యోగుల జీతాల వివరాలతో ప్రభుత్వ సంస్థలకి నెలనెలా పంపే డీఎస్‌ఎన్ డిక్లరేషన్ మీ చేతిమీదుగా వెళ్లకపోతే దాని గురించి జ్యూరీ అడిగే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. రెండు మూడు చోట్ల పత్రాలు తెప్పించుకుని, ప్రతి సామర్థ్యం పక్కన "ఇది నేను ఫలానా క్లయింటు దగ్గర చేశాను" అని పెన్సిలుతో రాసుకోండి. నాలుగింట మూడు వంతులు నిండినది మీది.

తరవాత రెండు దశలుంటాయి. మొదటి లివ్రే, అంటే పుస్తకం, అర్హత చూపించే దరఖాస్తు. మీరెవరు, ఎక్కడ పనిచేశారు, దానికి రుజువులు ఏమిటి, అంతే. దీనికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. రెండో లివ్రేలోనే అసలు పనంతా ఉంది. సాధారణంగా యాభై పేజీలు దాటుతుంది, వందకి చేరినవీ చూశాను. ఈ రెంటి మధ్యలోనే జనం జారిపోతారు. ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ రాత్రిళ్లు కూర్చుని రాయడం తేలిక కాదు. చట్టాన్ని 2022లో మార్చడానికి ఒక కారణం కూడా ఈ భారమే.

రెండో లివ్రేలో ఏం రాయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ క్లయింట్లలో రెస్టారెంట్లు ఉన్నాయన్నారు కదా. వాటి టీవీఏ గురించి, అంటే మన వ్యాట్ లాంటి పన్ను గురించి, చాలామంది ఇలా రాస్తారు: "మా ఆఫీసులో రెస్టారెంట్ల టీవీఏ డిక్లరేషన్లు చేస్తాం. ప్రతి నెలా సీఏ3 ఫారం గడువులోపల పంపుతాం. నాకు ఈ పనిలో మంచి అనుభవం ఉంది." ఇందులో తప్పేమీ లేదు, జ్యూరీకి పనికొచ్చేదీ ఏమీ లేదు. ఎవరు చేశారో తెలియదు, ఏం ఆలోచించారో తెలియదు.

అదే సంగతిని ఇలా చెప్పండి. ఒక రెస్టారెంటు క్లయింటు ఫైలు మీ చేతికి వచ్చింది. భోజనం మీద టీవీఏ 10 శాతం, మద్యం మీద 20 శాతం. గల్లాపెట్టె మిషను ఇచ్చే రోజువారీ నివేదికలో అమ్మకాలన్నీ దాదాపు 10 శాతం కిందే పడుతున్నాయి. మీరు సరఫరాదారుల బిల్లులు తిరగేశారు. వైను కొన్నది బాగానే ఉంది, అమ్మింది మాత్రం పుస్తకాల్లో లేదు. అనుమానం వచ్చి అడిగితే తేలింది ఏమిటంటే, గ్లాసు వైనుతో కలిపి ఇచ్చే భోజనాన్ని మిషను మొత్తం భోజనంగానే కొట్టేస్తోంది. ఆ ధరని రెండుగా విడగొట్టాలని మీకు తెలుసు. ఎలా విడగొట్టారు, ఏ ప్రాతిపదిక మీద, వెనకటి నెలల డిక్లరేషన్లని ఎలా సరిచేశారు, యజమానికి కోపం రాకుండా ఎలా చెప్పారు, మిషనులో ఏ మార్పు చేయించారు, మళ్లీ జరగకుండా ప్రతి నెలా ఏ నిష్పత్తి చూసుకుంటున్నారు. ఇవన్నీ మూడు పేజీల్లో రాయండి, క్లయింటు పేరు తీసేసి ఆ పత్రాల నకళ్లు అనుబంధంలో పెట్టండి. జ్యూరీలో కూర్చున్న ప్రొఫెసరుకి ఒక్కసారిగా నాలుగు సామర్థ్యాలు కనిపిస్తాయి. పన్ను నిబంధనలు తెలుసు, అంకెల్ని ఒకదాంతో ఒకటి పోల్చి తప్పు పట్టడం తెలుసు, దిద్దుబాటు పద్ధతి తెలుసు, క్లయింటుకి సలహా ఇవ్వడం తెలుసు. పాఠం అప్పగించక్కర్లేకుండానే సబ్జెక్టు వచ్చని తేలిపోయింది.

ఇలాంటివి ఐదారు సంఘటనలు చాలు. అన్నీ గెలిచినవే కానక్కర్లేదు. సీనియరు మీ లెక్కని తిప్పి పంపిన సందర్భం ఉంటే అదీ రాయండి. ఆయన ఎందుకు తిప్పి పంపారో, ఆ తరవాత మీ పద్ధతి ఎలా మారిందో చెబితే దానికి విలువ ఎక్కువ. మన పెంపకంలో "నేను చేశాను" అని చెప్పుకోవడం అహంకారం కింద లెక్క. అందుకే మనవాళ్ల లివ్రేల నిండా మా ఆఫీసు, మా టీము, మా సారు కనిపిస్తారు, రాసిన మనిషి ఎక్కడా కనిపించదు. ఇక్కడ మొహమాటపడకండి. పదిమంది కలిసి చేసిన పనిలో మీ వంతు ఏదో చెప్పకపోతే జ్యూరీ దేన్ని చూసి డిగ్రీ ఇస్తుంది?

మిల్లు సంగతి. మీ ప్రశ్నలో దాన్ని చివర్లో సిగ్గుపడుతూ పెట్టారు. నేనైతే దాన్ని ముందుకి తెస్తాను. అనుభవం ఫ్రాన్స్‌లోనే సంపాదించి ఉండాలన్న నియమం చట్టంలో లేదు. పైగా ఇప్పుడు కనీస కాలం అంటూ లేదు కాబట్టి అర్హత కోసం మిల్లు ఏళ్లు మీకు అవసరమే లేదు, ఇక్కడి పదకొండేళ్లే చాలు. లివ్రేలో రాయడానికి విషయం కోసం మాత్రం ఆ ఏళ్లు కావాలి.

ఎందుకంటే చిన్న ఎకౌంటింగ్ ఆఫీసులో చేసేవాళ్లకి సాధారణంగా ఒకచోట లోటు ఉంటుంది. పన్నులు, బ్యాలెన్స్ షీట్లు బాగా తెలుస్తాయి, వస్తువు తయారీకి ఎంత ఖర్చయిందో లెక్కకట్టే పని తగలదు. లిసాన్స్ పత్రంలో అది ఉంటుంది. మీరు మిల్లులో చేసింది అచ్చంగా అదే కదండీ. ధాన్యం వస్తుంది, బియ్యం వెళుతుంది, మధ్యలో తవుడు, నూక, ఊక. క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు రావాలని ఎఫ్‌సీఐ లెక్క. మీ రోజుల్లో లెవీ, అంటే మిల్లు తన బియ్యంలో కొంత ప్రభుత్వానికి ఇచ్చి తీరాలన్న నియమం, ఇంకా ఉంది, 2015లో కదా ఎత్తేశారు. లెవీకి ఇచ్చే బియ్యం ఒక ధర, బయట అమ్మేది ఇంకో ధర. తవుడు నూనె మిల్లుకి అమ్మగా వచ్చిన డబ్బుని బియ్యం ఖర్చులోంచి తీసేయాలా, విడిగా ఆదాయంగా చూపించాలా? తేమ ఎక్కువున్న ధాన్యం వచ్చిన వారంలో దిగుబడి తగ్గితే దాన్ని నష్టం అనాలా, మామూలు తరుగు అనాలా? ఈ ప్రశ్నలకి మీరు ప్రతి నెలా జవాబు రాసుకునే వచ్చారు. ఉప ఉత్పత్తుల విలువ, సాధారణ నష్టం, అసాధారణ నష్టం అని ఇక్కడి క్లాసుల్లో చెప్పేది ఇదే. ఫ్రెంచి జ్యూరీకి రైసు మిల్లు తెలియదు. ఒక పేజీలో బొమ్మ గీసి, ధాన్యం ఎక్కడ మొదలై ఏమేం అవుతుందో చూపించండి. ఆసక్తిగా చదువుతారు, నమ్మండి. ఇలాంటి పేజీలు చదివినప్పుడు జ్యూరీలో ప్రశ్నల తీరే మారిపోతుంది. మిమ్మల్ని నిలదీయడం ఆపి మీ దగ్గర తెలుసుకోవడం మొదలుపెడతారు.

రుజువుల దగ్గర కొంత ఇబ్బంది ఉంటుంది. మిల్లుల్లో జీతం చేతికిచ్చే అలవాటు, జీతం చీటీ ఉండదు. యజమాని దగ్గర లెటర్‌హెడ్ మీద ఉత్తరం తీసుకోండి. అందులో "నిజాయితీగా పనిచేసింది" అని రాస్తే చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏయే రిజిస్టర్లు చూశారు, టాలీలో ఏం చేశారు, వ్యాట్ రిటర్నులు మీరు తయారు చేశారా లేదా, ఇవి ఉండాలి. పీఎఫ్ కట్టి ఉంటే ఆ స్టేట్‌మెంటు, బ్యాంకులో జీతం పడితే ఆ పాసు పుస్తకం పేజీలు. వీటిని ప్రమాణం చేసిన అనువాదకుల చేత ఫ్రెంచిలోకి మార్పించాలి. కాకినాడ వెళ్లినప్పుడు ఈ పని మొదటి రోజే పెట్టుకోండి, ఆఖరి రోజుకి వదిలేస్తే కాదు.

మీ బి.కాం. సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విదేశంలో చదివిన ఉన్నత చదువుని లెక్కలోకి తీసుకునే పద్ధతి వేరే ఉంది, దానికి 2002 ఏప్రిల్ నాటి ఉత్తర్వు ఆధారం. అనుభవాన్ని వీఏఈ కింద, చదువుని దాని కింద, రెంటినీ పక్కపక్కన పెట్టమని విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు. మార్కుల జాబితాలు, సిలబస్ అనువాదం చేయించి పెట్టుకోండి. కంపెనీ లా, స్టాటిస్టిక్స్ లాంటివి రోజూ పనిలో కనిపించవు, అక్కడ మీ బి.కాం. మిమ్మల్ని కాపాడుతుంది. ఇండియా డిగ్రీ ఇక్కడ ఏ స్థాయికి సమానమో తెలిపే పత్రం ఎనిక్-నారిక్ అనే కేంద్రం ఇస్తుంది, మీ దగ్గర లేకపోతే దానికీ దరఖాస్తు పెట్టండి.

ఇప్పుడు భాష. లివ్రే ఫ్రెంచిలోనే రాయాలి, జ్యూరీ ముందు ఫ్రెంచిలోనే మాట్లాడాలి. కానీ జ్యూరీ మీ దగ్గర సాహిత్యం ఆశించదు. చిన్న వాక్యాలు, సరైన వృత్తి పదాలు, అంకెలు తప్పు లేకుండా ఉండడం, ఇవి చాలు. రోజూ క్లయింట్లకి ఈమెయిళ్లు రాసే మీకు ఆ పదాలు ఇప్పటికే వచ్చు. నా సలహా ఒకటే. ప్రతి సంఘటననీ ముందు తెలుగులో ఫోనులో రికార్డు చేయండి, ఇంట్లో మీ ఆడపడుచుకి చెబుతున్నట్టుగా. ఏం జరిగింది, మీకు అనుమానం ఎక్కడొచ్చింది, ఏం చేశారు. అలా చెప్పినప్పుడు వరస సరిగ్గా వస్తుంది. తరవాత అది వింటూ ఫ్రెంచిలో రాయండి. నేరుగా ఫ్రెంచిలో మొదలుపెట్టిన మనవాళ్లు తమకి వచ్చిన వాక్యాలకి తగ్గట్టు అనుభవాన్నే కుదించేస్తారు. అది చూస్తే నాకు బాధేస్తుంది.

తప్పులు దిద్దడానికి ఎవరి సాయమైనా తీసుకోండి, రాయించడానికి మాత్రం వద్దు. డబ్బు తీసుకుని మొత్తం లివ్రే రాసిపెడతామనేవాళ్లు ఉన్నారు, ఇప్పుడైతే కంప్యూటరు చేత రాయించడం కూడా మొదలైంది. నేను కూర్చున్న ఒక జ్యూరీకి ఒకాయన లివ్రే అద్దంలా వచ్చింది. "ఈ యంత్రానికి తరుగుదల ఎందుకు సమాన భాగాలుగా వేశారు?" అని అడిగితే ఆయన దగ్గర మాట లేదు. నిజానికి ఆయన మంచి పనివాడే, తన సొంత మాటల్లో రాసి ఉంటే సగమైనా వచ్చేది. రాసిపెట్టినవాళ్లు ఆయన పనిని ఆయనకే పరాయిది చేసేశారు.

జ్యూరీలో ఎక్కువమంది అధ్యాపకులు ఉంటారు, వృత్తిలో ఉన్నవాళ్లు కూడా ఉంటారు. అంతకుముందే లివ్రే చదివి వస్తారు. అరగంట నుంచి గంట దాకా సాగుతుంది. మొదటి పది నిమిషాలు మిమ్మల్నే మాట్లాడనిస్తారు. అప్పుడు లివ్రేలో ఉన్నదాన్ని మళ్లీ చదవకండి. ఈ డిగ్రీ మీకు ఎందుకు కావాలో, రాస్తున్నప్పుడు మీ పని గురించి మీకు కొత్తగా ఏం తెలిసిందో చెప్పండి. తరవాత వాళ్లు "అదే క్లయింటు రెస్టారెంటు కాకుండా బేకరీ అయితే ఏం చేసేవారు?" లాంటి ప్రశ్నలు వేస్తారు. మీకు తెలిసింది ఆ ఒక్క ఫైలుకే పరిమితమా, ఇంకోచోట కూడా వాడగలరా అని చూడడమే వాళ్ల ఉద్దేశం. తెలియనప్పుడు "ఇది నా చేతికి రాలేదు, వస్తే ఫలానా చోట చూసి, సీనియరుని అడిగి చేస్తాను" అనడం నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. మీ రోజువారీ వృత్తిలోనూ అదేగా చేస్తారు.

ఫలితం మూడు రకాలుగా ఉండవచ్చు. మొత్తం డిగ్రీ, కొంత భాగం, లేదా అసలు లేదు. కొంత భాగం వస్తే దాన్ని ఓటమి అనుకోకండి. 2016 తరవాత అలా వచ్చిన భాగాలు మీకు శాశ్వతంగా ఉంటాయి, గడువు తీరిపోవు. మిగిలినదాన్ని ఎలా పూరించాలో జ్యూరీ రాసి ఇస్తుంది. ఒకటి రెండు పేపర్లు చదవమనవచ్చు, ఆఫీసులో ఒక కొత్త పని కొన్నాళ్లు చేసి మళ్లీ రమ్మనవచ్చు.

కాలం, డబ్బు గురించి కొద్దిగా. మొదటి అడుగు నుంచి జ్యూరీ దాకా సుమారు ఏడాది వేసుకోండి. ఉద్యోగులకి ఈ పని కోసం జీతంతో కూడిన సెలవు ఉంది. అది మునుపు 24 గంటలు, 2022 చట్టం 48 గంటలు చేసింది. ఆ సెలవు కావాలంటే యజమానికి ముందుగా చెప్పాలి. మీ సొంత సమయంలో చేసుకుంటే ఎవరికీ చెప్పనక్కర్లేదు, ఇది మీ వ్యక్తిగత హక్కు. ఖర్చుకి ఎక్కడినుంచి సాయం వస్తుందన్నది తరచూ మారుతోంది కాబట్టి, దేనికీ సంతకం పెట్టకముందు విశ్వవిద్యాలయంలోని నిరంతర విద్యా విభాగానికి వెళ్లి అడగండి. మొదటి సంప్రదింపుకి డబ్బు అడిగే ప్రైవేటువాళ్ల దగ్గరికి మాత్రం ముందు వెళ్లకండి. ఇంకోమాట, డిగ్రీ చేతికి రాగానే జీతం దానంతటదే పెరగదు. మీరు చేసే పని, మీ డిప్లొమా రెండూ చూసి ఉద్యోగ శ్రేణి కడతారు. ఆ రోజు మాట్లాడడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది, అంతవరకే.

"మన దగ్గర ఇలాంటిది ఎందుకు లేదు?" అని మీరు ప్రశ్న మధ్యలో అన్నారు. అసలు లేదనలేం. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన హైదరాబాదులోనే 1982లో మొదలైంది, ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది అదే. బడి సర్టిఫికెట్టు లేని పెద్దవాళ్లకి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. ఎంతమంది గృహిణులు, కండక్టర్లు, చిన్న ఉద్యోగులు దాంతో పైకొచ్చారో మన ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ అది లోపలికి రానివ్వడం. వచ్చాక పేపర్లన్నీ రాయాల్సిందే. ఫ్రాన్స్ 1985లో చేసింది కూడా అదే, అక్కడినుంచి డిగ్రీ ఇచ్చేదాకా రావడానికి పదిహేడేళ్లు పట్టింది.

మన దగ్గర ఆ ప్రయాణానికి అడ్డం పడింది డిగ్రీల మీద ఉన్న అపనమ్మకం. కింది డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా ఎం.ఏ. చేసినవాళ్ల కేసులో 2009లో సుప్రీంకోర్టు ఆ ఎం.ఏ. చెల్లదంది, అన్నామలై విశ్వవిద్యాలయం కేసు అది. యూజీసీ నిబంధనల ప్రకారం మొదటి డిగ్రీ ఉండి తీరాలన్నది తీర్పు సారం. ప్రభుత్వ ఉద్యోగాలన్నిటికీ డిగ్రీయే తాళంచెవి అయినచోట, దొంగ సర్టిఫికెట్ల భయం ఉన్నచోట, కోర్టులు అలా గట్టిగా ఉండడం నాకు అర్థమవుతుంది. మరోపక్క 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో తాపీపని, కుట్టుపని లాంటివి వచ్చినవాళ్లకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తున్నారు. అది నైపుణ్యాల వైపే ఉండిపోయింది, విశ్వవిద్యాలయం గడప దాటలేదు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ఆ గోడ తీసేస్తానంటోంది. ఏడాదికి 1200 గంటల నేర్చుకోవడానికి 40 క్రెడిట్లు, అంటే ముప్ఫై గంటలకి ఒక క్రెడిట్. తరగతి గదిలో నేర్చినా పనిలో నేర్చినా మదింపు జరిగితే క్రెడిట్ ఇవ్వవచ్చంది, సంబంధిత అనుభవం ఎక్కువుంటే క్రెడిట్లకి బరువు కూడా పెంచింది. 2021లో పెట్టిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో వాటిని దాచుకోవచ్చు.

కాగితం మీద బాగుంది. నా ఆందోళన మదింపు గురించి. సంవత్సరాలని క్రెడిట్లుగా మార్చే పట్టిక తయారు చేయడం కష్టం కాదు. ఒక మనిషి రాసిన వంద పేజీలు చదివి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, పని తెలిసినవాళ్లూ పాఠం తెలిసినవాళ్లూ కలిసి గంటసేపు మాట్లాడి నిర్ణయించడం కష్టం. ఆ ఓపిక ఉన్న అధ్యాపకులని తయారు చేయకుండా బహుళైచ్ఛిక ప్రశ్నలతో పని కానిచ్చేస్తే, మిల్లులో మీరు నేర్చుకున్నది ఆ కాగితంలో ఎక్కడా దొరకదు. తెలుగు రాష్ట్రాల్లో ఏదో ఒక విశ్వవిద్యాలయం ఒకే ఒక్క కోర్సులో, కామర్సులోనో వ్యవసాయంలోనో, ఇలాంటి జ్యూరీ పెట్టి చూస్తే ఎంత బాగుంటుందోనని ఎప్పుడూ అనుకుంటాను. మన దగ్గర మిల్లు గుమాస్తాలు, ఆక్వా చెరువుల సూపర్‌వైజర్లు, చేనేత సొసైటీల లెక్కలు రాసేవాళ్లు ఎందరున్నారు!

ఇక మీ ఆఖరి ప్రశ్న. భారత్, ఫ్రాన్స్ 2018 మార్చి 10న చదువుల పరస్పర గుర్తింపు ఒప్పందం చేసుకున్నాయి. మీకు వచ్చేది ఫ్రెంచి విశ్వవిద్యాలయం ఇచ్చే మామూలు లిసాన్స్ డిప్లొమాయే. కానీ మన ఆఫీసుల్లో మార్కుల జాబితా అడుగుతారు, ఎన్నేళ్లు చదివారని అడుగుతారు. వీఏఈలో మార్కులు ఉండవు, జ్యూరీ నిర్ణయం మాత్రమే ఉంటుంది. అందుకని ఇండియాలో ఎం.కాం. చేయాలన్నా ఉద్యోగం చూసుకోవాలన్నా మీ కాకినాడ బి.కాం.నే ముందు పెట్టండి, దీన్ని అదనంగా చూపించండి. ఫ్రాన్స్‌లో ఉన్నంతకాలం ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ ఈ లిసాన్స్ మీద మాస్టర్స్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు కూడా, ఎంపిక మాత్రం ఆయా విశ్వవిద్యాలయాలదే.

ఈ నెలలో మీరు చేయాల్సింది రెండే. పారిస్ ప్రాంతంలో మీకు దగ్గరగా ఉన్న రెండు మూడు విశ్వవిద్యాలయాల లిసాన్స్ పత్రాలు దించుకోండి. మిల్లులో దిగుబడి తగ్గిన ఏదో ఒక నెల గుర్తు తెచ్చుకుని, ఆ నెల లెక్క ఎలా తేల్చారో రికార్డు చేసి ఒకటిన్నర పేజీ రాయండి. తప్పుల గురించి ఆలోచించకండి. ఆ పేజీ నాకు పంపితే, జ్యూరీ ఎక్కడ ఆగి ప్రశ్న అడుగుతుందో గుర్తుపెట్టి పంపుతాను.